పలుగు కింద రాయి

మహబూలాలో లాండ్రీ కొట్టు పక్క మెట్లు దిగితే
ఆడవాళ్ళ కుస్తీ జిమ్ము.
గాజు తలుపుకు లోపలివైపు నల్ల కాగితం.
శుక్రవారం సాయంత్రాలు అక్కడ మ్యాట్లు తుడుస్తా,
గంటకు దినారున్నర.
డెట్టాల్ వాసన చేతుల్ని ఆదివారం దాకా వదలదు.

ఆ రోజు బదూర్ జోడీ రాలేదు.
కోచ్ మారిటెస్ హాలంతా చూసి, చివరికి నన్ను చూసి
"ఓబీ, పడుకో" అంది.
(ఓబులమ్మ అనడానికి ఆమెకు నోరు తిరగదు.
ఆమె ఊరు ఇలోయిలో అంటే నాకు నవ్వాగదు.)
మాప్ గోడకానించి, చెప్పులు విడిచి
పడుకున్నా,
ఎక్స్‌రే బల్ల మీద పడుకున్నట్టు.

పట్టు ఇట్లా పడుతుంది.
నా కుడిచేయి ఆమె రెండు చేతుల్లో.
ఆమె నా భుజానికి ఆనుకుని కూర్చుంటుంది,
పొయ్యి ముందు పీట వేసుకున్నంత దగ్గరగా.
ఒక కాలు నా మొహం మీదుగా,
ఒక కాలు నా రొమ్ము మీదుగా.
మోకాళ్ళు రెండూ దగ్గరికి, పట్టకారులా.
నా బొటనవేలు పైకప్పు కేసి చూడాలి,
పక్కకు తిరిగిందా, పట్టు జారినట్టే.
నా మణికట్టు ఆమె గుండెల మీద
(ఆ కొట్టుకోవడం ఆమె గుండెదో నా నాడిదో
ఇప్పటికీ తెలీదు).
తర్వాత వెనక్కి వాలుతుంది.
లాగదు.
నడుము మాత్రం పైకి లేపుతుంది
బెత్తెడు. బెత్తెడు కూడా ఎక్కువే.

మోచేయి తలుపులాంటిది,
ఒకవైపే తెరుచుకుంటుంది.
రెండోవైపు ఎవరైనా నెడితే
ముందు మూలిగేది బందు.

మారిటెస్ లీవర్ అంటోంది, ఇంకేదో అంటోంది.
నాకు ఆ ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.
మంగంపేట ముగ్గురాయి గనిలో
మా పెద్దమ్మ సుంకులమ్మ పలుగు పట్టేది.
నా భుజం దాకా కూడా రాని మనిషి
తనకంటే పెద్ద బండను దొర్లించేది.
"బలం చేతుల్లో ఉండదే పిచ్చిదానా,
పలుగు కింద పెట్టే చిన్నరాయిలో ఉంటాది."
ఇక్కడ ఆ చిన్నరాయి బదూర్ తుంటి ఎముక.
బండ నేను.

మొదట వచ్చేది నొప్పి కాదు.
కుక్కర్ కూతకు ముందు పెట్టే చిన్న బుస.
ఆ బుసకే స్టవ్ కట్టేయాలి.
మూడో కూత దాకా ఆగితే
ఉడికేది పప్పు కాదు.

నేను ఆగాను.
అలవాటు.
పన్ను సలుపుతుంటే లవంగం నొక్కిపెట్టి
రంజాన్ నెలంతా ఆ ఇంట్లో సమోసాలు వేయించినదాన్ని.

బదూర్ నా మొహంలోకి తొంగిచూసి
తనే వదిలేసింది.
కోపం, నా మీద!
"తట్టాలి. రెండుసార్లు తట్టాలి.
నువ్వు తట్టకపోతే నాకెట్లా తెలుస్తుంది?"
అరబ్బీలో అరిచి, హిందీ ముక్కల్లో అరిచి,
చివరికి తన తొడ మీద తనే తట్టి చూపించింది.
పంతొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళల్లో నీళ్ళు.

పట్టు సగం పట్టినవాళ్ళ చేతుల్లో ఉంటుందట,
సగం, కింద పడినవాళ్ళ అరచేతిలో.
తట్టిన తర్వాత కూడా వదలనివాళ్ళను
మ్యాట్ ఎక్కనివ్వరట,
ఎంత గొప్పింటి పిల్లయినా.

మళ్ళీ పడుకున్నా.
కాలు, కాలు, మోకాళ్ళు, బొటనవేలు పైకి.
నడుము లేచింది.
నా ఎడమచేయి, బకెట్లు మోసే చేయి,
ఆమె పిక్క మీద
తప్ తప్.
వదిలేసింది.
అంత తొందరగా!
నమ్మకం కుదరక మళ్ళీ పట్టమన్నా.
తప్ తప్. వదిలేసింది.
ఆరుసార్లు.
మారిటెస్ గోడకు జారగిలపడి నవ్వుతోంది,
ఓడిపోవడానికి ఇంత తొందరపడేదాన్ని
ఆమె చూసి ఉండదు.

ఏడోసారి బదూర్ పడుకుని
తన చేయి నాకిచ్చింది.
రాయి ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.
నడుము లేపీ లేపకుండా
నా చెవులు రెండూ ఆమె అరచేతి దగ్గర పెట్టి
ఆగాను.

తొమ్మిదికి మ్యాట్లు తుడిచా.
పడుకున్న గంటకు కూడా లెక్కకట్టి అడిగా, ఇచ్చారు.
మాప్ పిండుతుంటే బకెట్లో నల్లటి నీళ్ళు.
అందులో నా చెమట కూడా ఉంది,
ఇన్నాళ్ళూ అన్నీ వాళ్ళవే.